ఫ్రీమాంట్ నుంచి డాలస్‌కు: ఇల్లు కొనే ముందు ఎంతవరకు విచారించాలి?

ఫ్రీమాంట్_పథికుడు:
సభ్యులకు నమస్కారం. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్నాము. మా కంపెనీ నన్ను టెక్సస్‌లోని డాలస్ ఆఫీసుకు బదిలీ చేయడానికి ఒప్పుకుంది. దంపతులిద్దరి జీతాలూ కలిపి ఏడాదికి సుమారు 2.5 లక్షల డాలర్లు వస్తాయి. డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఆబ్రీ వైపు కడుతున్న ఒక కాలనీలో 6 లక్షల డాలర్ల ఇల్లు చూశాము, ఈ నెలాఖరులోగా అడ్వాన్సు కట్టమని బిల్డరు తరఫు మనిషి తొందరపెడుతున్నాడు. టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదు కాబట్టి ఇంక ఆలోచించవలసినది ఏమీ లేదని అక్కడే ఉన్న మా తోడల్లుడు అంటున్నాడు. పన్నులు, భద్రత, నెలవారీ ఖర్చుల గురించి ముందుగా ఏమేమి కనుక్కోవాలో, వచ్చీరాగానే కొనవచ్చో లేదో అనుభవజ్ఞులు చెప్పగలరు. మేము ఇంకా హెచ్1బీ వీసా మీదే ఉన్నాము.

నల్లరేగడి:
మీ తోడల్లుడుగారు సగం లెక్కే చెప్పారు. ఆ జీతాల మీద కాలిఫోర్నియాకు మీరు కడుతున్న ఆదాయపు పన్ను సుమారు 15 వేల డాలర్లు ఉంటుంది, అది మిగిలే మాట నిజమే. కాని ఆబ్రీ చుట్టుపక్కల, ఊరి హద్దులకు బయట వెలసిన కొత్త కాలనీలు చాలా వరకు మడ్‌ల (మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్టు, అంటే కాలనీకి నీళ్లు, డ్రైనేజీ సమకూర్చే స్థానిక సంస్థ) పరిధిలో ఉంటాయి. నీళ్లకు, డ్రైనేజీకి బాండ్ల మీద తెచ్చిన అప్పును ఆ కాలనీవాసుల నుంచే పన్నుగా రాబడతారు. కౌంటీ, స్కూలు, మడ్ పన్నులన్నీ కలిపి 2.7 శాతానికి చేరితే 6 లక్షల ఇంటికి 16,200 డాలర్లు అవుతుంది. సొంత నివాసం విలువలో పన్ను నుంచి తీసివేసే హోమ్‌స్టెడ్ మినహాయింపును 2025 నుంచి 1.4 లక్షలకు పెంచినా అది స్కూలు పన్నుకే వర్తిస్తుంది కాబట్టి, మీకు తగ్గేది ఏడాదికి సుమారు పదిహేను వందలే. కాలిఫోర్నియాలో 1978 నాటి 13వ ప్రతిపాదన వల్ల పన్ను వేసే విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగదు, ఇక్కడ సొంత నివాసానికి ఆ హద్దు 10 శాతం. ముందుగా ఆ ఇల్లు మడ్ పరిధిలో ఉందని, దాని పన్ను, అప్పు ఎంతో తెలిపే మడ్ నోటీసు తెప్పించుకుని చదవండి. కొనేవారికి దానిని ఇవ్వడం చట్టప్రకారం అమ్మేవారి బాధ్యత.

కృష్ణాతీరం:
నల్లరేగడిగారు ప్రతి చర్చలోనూ ఈ 10 శాతాన్నే ముందుకు తెస్తారు. అది గరిష్ఠ హద్దే గాని ఏటా తప్పనిసరిగా పెరిగే మొత్తం కాదు. సాధారణంగా మే 15లోగా, ఇళ్లకు విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్టులో ఆ విలువ మీద ప్రొటెస్టు (అభ్యంతరం) వేసుకోవచ్చు, మా వీధిలో నిరుడు చాలామందికి విలువ తగ్గించారు. అరవై అయిదేళ్లు నిండితే సొంత నివాసం మీద స్కూలు పన్ను సాధారణంగా అప్పటి మొత్తాన్ని మించి పెరగదు. ఇవి చెప్పకుండా పెద్ద అంకెలు మాత్రమే చూపించి కొత్తవారిని బెదరగొట్టడం న్యాయం కాదు.

మంజీర:
మీకు ఆర్‌ఎస్‌యూలు (కంపెనీ విడతలుగా ఇచ్చే షేర్లు) ఉంటే ఇంకొకటి గుర్తుంచుకోండి. కాలిఫోర్నియాలో పనిచేసిన రోజులకు దామాషాగా, టెక్సస్‌కు వచ్చాక వెస్ట్ అయిన (మీ సొంతమైన) షేర్ల మీద కూడా ఆ రాష్ట్రానికి పన్ను కట్టాలి.

నల్లరేగడి:
కృష్ణాతీరంగారూ, ఆ హద్దు మొదటి ఏడాది వర్తించనే వర్తించదు, కొత్త ఇంటిని కొనేవారికి దెబ్బ తగిలేది అక్కడే. జనవరి 1 నాటికి ఇల్లు పునాదుల దశలో ఉంటే ఆ ఏటి పన్ను దాదాపుగా స్థలానికే పడుతుంది. అప్పు ఇచ్చిన సంస్థ ఆ చిన్న మొత్తాన్ని బట్టే ఎస్క్రో (పన్ను, బీమాల కోసం కిస్తీతో కలిపి పట్టే సొమ్ము) వసూలు చేస్తే, మరుసటి ఏడాది పూర్తి ఇంటికి పన్ను వేసినప్పుడు పాత లోటూ కొత్త పన్నూ ఒకేసారి మీద పడతాయి. మా కిస్తీ నెలకు వెయ్యి డాలర్లకు పైగా పెరిగింది. ఈ సంగతి మాకు ఇల్లు అమ్మినవారు ఒక్క మాట కూడా చెప్పలేదు.

కృష్ణాతీరం:
అది ఎస్క్రో సమస్యే గాని 10 శాతం హద్దు సమస్య కాదు. మొదటి ఏడాది నుంచే పూర్తి పన్ను లెక్కన ఎస్క్రో పట్టమని అడిగితే సరిపోయేది.

తుంగభద్ర:
భద్రత మాట ఎవరూ ఎత్తడం లేదు. 2023 మే నెలలో ఆలెన్ మాల్‌లో జరిగిన కాల్పుల్లో ఎనిమిది మంది చనిపోయారు, వారిలో మన తెలుగు అమ్మాయి కూడా ఉంది.

నల్లరేగడి:
అటువంటి ఘోరాన్ని ఏ ఊరిని ఎంచుకుని తప్పించుకోగలమో ఎవరూ చెప్పలేరు, విచారించి తెలుసుకోగలిగినవి వేరే ఉన్నాయి. ఊరంతటికీ కలిపి ఒక మార్కు వేసే వెబ్‌సైట్లను నమ్మకుండా, ఆ వీధి చుట్టుపక్కల దొంగతనాలు ఎన్ని జరిగాయో పోలీసు శాఖ వివరాల్లో చూడండి. బంగారం కోసం భారతీయుల ఇళ్లను ఎంచుకుని దోచిన ఘటనలు అనేక రాష్ట్రాల్లో ఉన్నాయి. వరద పటంలో ఆ స్థలం ఎక్కడ పడుతుందో చూడండి, మామూలు ఇంటి బీమా వరద నష్టాన్ని భరించదు. వడగళ్లకు బీమాలో డిడక్టిబుల్ వేరుగా ఉంటుంది. 5 లక్షలకు బీమా చేసిన ఇంటికి అది 2 శాతమైతే, పైకప్పు పోయినప్పుడు మొదటి 10 వేలు మీరే పెట్టుకోవాలి. డాలస్ ప్రాంతంలో చాలా చోట్ల మన గుంటూరు వైపు లాంటి నల్లరేగడే, ఎండకు నెర్రెలిచ్చి వానకు ఉబ్బుతుంది. వేసవిలో పునాది చుట్టూ నేలను తడుపుతూ ఉండకపోతే గోడలు బీటలు వారతాయి.

కృష్ణాతీరం:
ఇవన్నీ తేలేదాకా ఆగితే ఎవరూ ఇల్లు కొనలేరు. మీకు జరిగిన నష్టాన్ని అందరి నెత్తినా రుద్దుతున్నారు.

నల్లరేగడి:
మీ మాటలు ఇళ్లు అమ్మిపెట్టేవారి మాటల్లా ఉన్నాయి.

కృష్ణాతీరం:
నాకు లైసెన్సూ లేదు, కమిషనూ రాదు. కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఏళ్ల తరబడి మేము మీలాగే లెక్కలు వేసుకుంటూ, గ్రీన్ కార్డు రానీ అని ఎదురుచూస్తూ అద్దె ఇంట్లోనే ఉండిపోయాము. ఆ లోపల అక్కడి ధరలు మా చేయి దాటిపోయాయి. ఇక్కడికి వచ్చాకనే మా అమ్మానాన్నలకు ఒక గది, సాయంత్రం నడకలో తెలుగులో పలకరించే మనుషులు దొరికారు. ఈ లాభం మీ పన్నుల లెక్కలో ఏ గడిలో ఉంది?

నల్లరేగడి:
ఆ లాభాన్ని నేను కాదనడం లేదు. నా ఉద్యోగం పోయినప్పుడు హెచ్1బీ మీద ఉన్న మాకు ఇచ్చిన గడువు 60 రోజులే. అదే వీధిలో బిల్డరు తక్కువ వడ్డీ చూపించి కొత్త ఇళ్లు అమ్ముతుంటే, మా ఇల్లు చూడటానికి కూడా ఎవరూ రాలేదు. చేతిలో ఉన్నదంతా డౌన్ పేమెంటుకే పోసి ఉన్నాము. టెక్సస్‌కు రావద్దని నేను అనడం లేదు, వచ్చిన నెలలోనే ఉన్నదంతా ఒక్క ఇంట్లో పెట్టవద్దంటున్నాను.

కృష్ణాతీరం:
అసలు మాట ఇప్పుడు బయటికి వచ్చింది. అయితే మనవాళ్లకు గ్రీన్ కార్డు చేతికి రావడానికి పట్టే ఏళ్లన్నీ అద్దె ఇళ్లలోనే గడపాలంటారా? పిల్లలు అంతవరకు పెరగకుండా ఆగుతారా?

మంజీర:
ఇక్కడ మీ ఇద్దరి వాదనా పన్నుల గురించి కాదని ఇప్పటికి అర్థమైంది.

ఫ్రీమాంట్_పథికుడు:
ఇద్దరికీ ధన్యవాదాలు. మడ్ నోటీసు, నిరుటి పన్ను రేట్ల వివరం అడిగితే బిల్డరు మనిషి రెండు రోజులుగా పంపడం లేదు. అవి చేతికి వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వకూడదని నిర్ణయించుకున్నాము. ఒక ఏడాది అద్దెకు ఉండాలని నా భార్య అంటోంది.

కృష్ణాతీరం:
నోటీసు అడగడం మంచిదే, అద్దె ఏడాదికి మాత్రం నేను ఒప్పుకోను. పిల్లలను రెండేళ్లలో రెండు బడులు మార్చవలసి వస్తుంది.

నల్లరేగడి:
కొనదలచుకున్న బడి పరిధిలోనే అద్దెకు తీసుకుంటే మారనక్కరలేకపోవచ్చు. కొత్త బడులు కట్టినప్పుడు పరిధులు మారుస్తుంటారు కనుక, ఆ కాలనీకి వచ్చే ఏడాది ఏ బడి వస్తుందో స్కూలు డిస్ట్రిక్టునే అడిగి తెలుసుకోండి.