స్కూల్లో కౌన్సెలర్‌ని పెడితే పిల్లలకు మంచిదా? తల్లిదండ్రుల అనుమతి సంగతేంటి?

హైస్కూల్_టీచర్
మా స్కూల్లో వచ్చే ఏడాది నుంచి ఒక కౌన్సెలర్‌ని పెడతామంటున్నారు. ముందు పిల్లలందరికీ ఒక ప్రశ్నపత్రం ఇస్తారట. దిగులు, ఆందోళన ఎక్కువగా కనిపించిన వాళ్లను ఆమె దగ్గరికి పంపిస్తారు. తల్లిదండ్రుల మీటింగ్‌లో కొందరు బాగుందన్నారు, కొందరు లేచి గట్టిగా అరిచారు. నా మట్టుకు నాకు ఇది కావాలి. క్లాసులో ఒక పిల్ల ఉన్నట్టుండి ఏడుస్తుంటే ఏం మాట్లాడాలో నాకెవరూ నేర్పలేదు. మీరేమంటారు?

రఘు_నాన్న
వద్దనే అంటాను. మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా ఇలాంటి పత్రమే ఒకటి నింపించారు, మాకు ఒక్క ముక్క చెప్పలేదు. గత రెండు వారాల్లో ఎన్ని రోజులు దిగులుగా అనిపించింది, నిద్ర పట్టిందా, ఇవీ ప్రశ్నలు. అప్పుడే వాళ్ల నానమ్మ పోయింది, దిగులు లేకుండా ఎలా ఉంటుంది? వారం తిరక్కుండానే టీచర్లందరికీ తెలిసిపోయింది, క్లాసులో పిల్లలకూ తెలిసింది, అందరికన్నా ఆఖరున మాకు తెలిసింది, అదీ ఇంకో పిల్ల తల్లి ద్వారా. సంతకం పెట్టించుకోకుండా నా బిడ్డ మనసులోకి తొంగిచూసే హక్కు స్కూలుకి ఎవరిచ్చారు?

పాతకాలపు_మనిషి
పాఠాలు సరిగ్గా చెప్పమనండి చాలు. మిగతాది ఇంట్లో చూసుకుంటాం.

మనోధార
నేను పిల్లల కౌన్సెలర్‌ని, స్కూళ్లలోనే పని చేస్తాను. రఘు గారూ, మీ అమ్మాయి విషయంలో జరిగింది తప్పే, అందులో వాదన లేదు. ఆ పత్రం కౌన్సెలర్ దాటి బయటికి రాకూడదు. కానీ ఆ ఒక్క తప్పు చూపించి మొత్తం సేవే వద్దంటే నష్టపోయేది ఎవరు? పెద్దవాళ్లలో కనిపించే మానసిక సమస్యల్లో సగం 14 ఏళ్లకే మొదలై ఉంటాయని 2005లో అమెరికాలో తేల్చారు. ఆ వయసులో పిల్లలు రోజులో ఎక్కువ భాగం ఉండేది స్కూల్లోనే. ఆస్పత్రికి తీసుకెళ్లాలంటే ఎవరో పెద్దవాళ్లు గమనించాలి, సెలవు పెట్టాలి, డబ్బు పెట్టాలి, నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం దాటాలి. స్కూల్లో ఒక గది ఉంటే వీటిలో సగం అడ్డంకులు ఉండవు. పిల్ల లైబ్రరీకి వెళ్లినంత మామూలుగా వెళ్లి కూర్చోగలగాలి.

లెక్కల_శ్రీకాంత్
14 ఏళ్లకే సగం అన్న మాట అందరూ చెబుతారు, దాన్ని కాస్త సరిచేయాలి. 2021లో 192 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి వచ్చింది. దాని ప్రకారం 14 లోపు మొదలయ్యేవి మూడో వంతు, 18 లోపు దాదాపు సగం. చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ ఏ తరగతిలో డబ్బు పెట్టాలన్నది దీని మీదే ఆధారపడుతుంది.

మనోధార
మూడో వంతయినా సగమైనా ఆ పిల్లలంతా స్కూల్లోనే ఉన్నారు కదండీ. నా మాట అదే.

లెక్కల_శ్రీకాంత్
అదే కాదు. స్కూల్లో ఏం పెట్టినా మంచే జరుగుతుందని మీరు ముందే అనుకుంటున్నారు. బ్రిటన్‌లో 80కి పైగా స్కూళ్లు, 8,000 మందికి పైగా పిల్లలతో మైండ్‌ఫుల్‌నెస్ (ఊపిరి మీద, ఈ క్షణం మీద ధ్యాస నిలిపే సాధన) పాఠాల మీద పెద్ద ప్రయోగం చేశారు, ఫలితాలు 2022లో వచ్చాయి. మామూలుగా స్కూళ్లు చేసే దానికన్నా ఏమీ మెరుగుపడలేదు. చాలామంది పిల్లలు ఇంట్లో ఆ సాధన చేయనే లేదు. అందరికీ ఒకే పాఠం చెబితే, బాగానే ఉన్న పిల్లలు కూడా మామూలు బాధల్ని జబ్బుగా చూసుకోవడం మొదలుపెడతారేమోనని కొందరు పరిశోధకులే అడుగుతున్నారు. రఘు గారి అమ్మాయి విషయం కూడా అదేగా, నానమ్మ పోయిన దుఃఖం కాగితం మీద సమస్యగా కనిపించింది.

మనోధార
శ్రీకాంత్ గారూ, మీరు రెండు వేరే పనుల్ని ఒకటిగా కలిపేస్తున్నారు. క్లాసు మొత్తానికి చెప్పే పాఠం వేరు, కష్టంలో ఉన్న ఒక పిల్లతో తలుపు వేసుకుని మాట్లాడటం వేరు. పైగా పాఠాలన్నీ విఫలం కాలేదు. యూరప్‌లో 10 దేశాలు, 168 స్కూళ్లు, 11,000 మందికి పైగా పిల్లలతో చేసిన సెయిల్ ప్రయోగం ఫలితాలు 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. అందులో మూడు పద్ధతులు పోల్చారు. పిల్లలతోనే చర్చలు పెట్టి, చిన్న చిన్న నాటికలు వేయించి, ఒత్తిడి వస్తే ఏం చేయాలో, స్నేహితుడికి బాగాలేకపోతే ఎవరికి చెప్పాలో నేర్పిన పద్ధతిలో, ఏడాది తర్వాత చూస్తే ఆత్మహత్యాయత్నాలు ఏ జోక్యమూ లేని స్కూళ్లతో పోలిస్తే దాదాపు సగానికి తగ్గాయి. అదంతా కలిపి ఐదు గంటల కార్యక్రమం. ప్రమాద సంకేతాలు గుర్తుపట్టమని టీచర్లకు శిక్షణ ఇచ్చిన పద్ధతిలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

హైస్కూల్_టీచర్
అంటే తప్పు మళ్లీ మా టీచర్లదేనా?

మనోధార
అలా అనలేదండీ. బీహార్‌లో 74 ప్రభుత్వ హైస్కూళ్లలో ఒక ప్రయోగం జరిగింది, 2018లో ప్రచురించారు. ఒకే కార్యక్రమాన్ని కొన్ని స్కూళ్లలో టీచర్ చేత, కొన్నింట్లో స్థానికంగా ఎంపిక చేసి శిక్షణ ఇచ్చిన కౌన్సెలర్ చేత చేయించారు. వాళ్లు మానసిక నిపుణులేం కారు, మామూలు మనుషులే. కౌన్సెలర్ ఉన్న స్కూళ్లలో వాతావరణం మెరుగుపడింది, పిల్లల్లో దిగులు, ఏడిపించడాలు తగ్గాయి. టీచర్లు చేసిన చోట ఏమీ మారలేదు.

హైస్కూల్_టీచర్
మారకపోవడానికి కారణం మీరు చెప్పడం లేదు కాబట్టి నేనే చెబుతాను. రోజంతా క్లాసులు, మధ్యలో మార్కుల నమోదు, పరీక్షల డ్యూటీలు, ఎవరైనా రాకపోతే వాళ్ల క్లాసు కూడా మాదే. ఇంత చేశాక సాయంత్రం మిగిలిన అరగంటలో పిల్లల మనసు చూడమంటారు. ఇంకో సంగతి కూడా ఉంది. పొద్దున హోంవర్క్ చేయలేదని కోప్పడిన మనిషితో మధ్యాహ్నం ఏ పిల్ల తన బాధ చెప్పుకుంటుంది? మార్కులు వేసే మనిషే ఓదార్చే మనిషి కావడం కష్టం. అందుకే వేరే మనిషి కావాలంటున్నాను, టీచర్లకు చేతకాదని కాదు.

మనోధార
నేననేదీ సరిగ్గా అదే, మీకు కోపమెందుకు వచ్చిందో తెలియడం లేదు.

రఘు_నాన్న
మీరంతా ప్రయోగాలు, దేశాలు, శాతాలు చెప్పుకుంటున్నారు. నేనడిగింది ఒక్కటే, దానికి జవాబు రాలేదు. సంతకం పెట్టించుకుంటారా లేదా?

కొత్త_సభ్యుడు
సంతకం అడగడంలో ఏముంది, విహారయాత్రకి కూడా అడుగుతారుగా.

మనోధార
అడుగుతాం. ఎలా అడగాలన్నదే తగాదా. సంతకం పెట్టి పంపిన పిల్లల్నే చేర్చుకోవడం ఒక పద్ధతి. ముందు అందరికీ తెలియజేసి, వద్దన్న వాళ్లను వదిలేయడం ఇంకో పద్ధతి. మొదటి దానిలో చాలా కాగితాలు తిరిగి రావు. తల్లిదండ్రులు వద్దనుకుని కాదు, చూడకపోవడం వల్ల. ఎవరూ పట్టించుకోని పిల్లలే అలా ఎక్కువగా తప్పిపోతారు. అసలు అవసరం ఎక్కువ ఉన్నది వాళ్లకే.

రఘు_నాన్న
కాగితం రాకపోతే ఫోన్ చేయండి. ఫోన్ ఎత్తకపోతే ఇంటికి రండి. ఫీజు కట్టకపోతే వెంటపడే స్కూళ్లకు ఇది కష్టమా? నా మౌనాన్ని అనుమతిగా లెక్క వేసుకోవడానికి నేనొప్పుకోను.

లెక్కల_శ్రీకాంత్
ఈ విషయంలో రఘు గారితో నేనూ ఏకీభవిస్తాను. ప్రశ్నపత్రం పెట్టి, ఆ తర్వాత చూడటానికి మనిషి లేకపోతే అది ఇంకా ఘోరం. అమెరికా స్కూల్ కౌన్సెలర్ల సంఘం 250 మంది పిల్లలకు ఒకరు ఉండాలంటుంది. ఒక్క మనిషిని పెట్టి స్కూలంతటికీ పత్రం పంచితే, తేలిన పిల్లల్ని ఎక్కడికి పంపుతారు? పేరు రాసి పక్కన పెడతారు, అంతే.

లలిత_ఎం
ఇంతసేపూ చదువుతున్నాను. రఘు గారూ, మిమ్మల్ని ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. పిల్ల భయపడేది సంతకం పెట్టాల్సిన మనిషికే అయితే ఆ కాగితం ఎవరికి చూపించాలి? నాకు పదమూడేళ్లప్పుడు ఇంట్లో అదే పరిస్థితి. పరువు పోతుందని అమ్మ నోరు మూయించింది. స్కూల్లో అలాంటి గది ఒకటి ఉండి ఉంటే వెళ్లేదాన్ని. కానీ ముందు మీ నాన్నకు ఫోన్ చేస్తామని ఉంటే గడప కూడా తొక్కేదాన్ని కాదు.

రఘు_నాన్న
అంటే తండ్రులందరం అలాంటి వాళ్లమనా మీ లెక్క? పిల్లకి జ్వరమొస్తే రాత్రంతా మేలుకున్న వాణ్ని నేను. ఎవరో ఎక్కడో దుర్మార్గం చేస్తే నన్ను నా బిడ్డకి దూరం పెడతారా? ఈ కౌన్సెలర్లు వస్తే పిల్లలు ఇంట్లో మాట్లాడటం మానేస్తారేమోనని నా భయం.

లలిత_ఎం
నేను మీ గురించి అనలేదు. కానీ నియమం మీ ఒక్కరి కోసం రాయరు కదా. మంచి తండ్రికీ చెడ్డ తండ్రికీ ఒకే కాగితం వెళుతుంది.

మనోధార
లలిత గారు అడిగింది అసలు ప్రశ్న. రఘు గారూ, కౌన్సెలర్ ఏది దాచాలి, ఏది చెప్పాలి అన్నదానికి హద్దులున్నాయి. పిల్ల తనకు తాను హాని చేసుకునేలా ఉన్నా, ఇంకొకరికి ప్రమాదం ఉన్నా, ఎవరైనా పిల్లను హింసిస్తున్నారని తెలిసినా మేం దాచం. ఈ సంగతి మొదటిసారి కూర్చున్నప్పుడే పిల్లకు చెప్పేస్తాం. మిగతావి, అంటే స్నేహితురాలితో గొడవ, పరీక్షంటే టెన్షన్, ఎవరో బాగా నచ్చడం, ఇవి పిల్ల ఒప్పుకోకుండా చెప్పం. చెబితే మర్నాటి నుంచి ఏ పిల్లా రాదు. బ్రిటన్‌లో 1985లో గిలిక్ కేసు తీర్పు వచ్చింది. విషయం పూర్తిగా అర్థం చేసుకునే తెలివి, పరిణతి ఉంటే 16 ఏళ్లు నిండని పిల్ల కూడా తన వైద్యానికి తనే ఒప్పుకోవచ్చని అక్కడి అత్యున్నత న్యాయస్థానం చెప్పింది.

రఘు_నాన్న
పరిణతి ఉందని తేల్చేది ఎవరు? మీరే. పరీక్ష పెట్టేదీ మీరే, పాస్ చేసేదీ మీరే. నా బాధ అర్థం చేసుకోండి. మా అమ్మాయి అప్పటి నుంచి నాతో ఏదైనా చెప్పే ముందు ఆగి ఆలోచించుకుంటుంది. నేను తనను పట్టించుకోలేదని స్కూలే చెప్పినట్టయింది. నాకు ముందే తెలిసుంటే పక్కన కూర్చునేవాణ్ని. నాకు రహస్యాలు అక్కర్లేదు, నా బిడ్డ బాధలో ఉందన్న ఒక్క మాట చాలు.

లలిత_ఎం
ఆ ఒక్క మాట మా ఇంటికి వచ్చి ఉంటే నాకు దెబ్బలు పడేవి.

హైస్కూల్_టీచర్
మీ ఇద్దరికీ సరిపోయే ఒకే నియమం నాకు కనిపించడం లేదు. ఇంటికి ఏం చెప్పాలో ఆ పిల్లనే అడిగి, వీలైతే పిల్ల చేతే చెప్పించడం ఒక దారి కావచ్చు. రఘు గారూ, అలాగైతే ఒప్పుకుంటారా?

రఘు_నాన్న
పిల్ల వద్దంటే?

మనోధార
ప్రమాదం లేకపోతే చెప్పం.

రఘు_నాన్న
అయితే ఒప్పుకోను. పిల్ల తనంతట తాను వెళ్లి ఒకటి రెండుసార్లు మాట్లాడితే నాకు అభ్యంతరం లేదు, ఆపైన నాకు తెలియాలి. ప్రశ్నపత్రం మాత్రం సంతకం లేకుండా వద్దు.

లలిత_ఎం
ఒకటి రెండుసార్లలో అసలు సంగతి చెప్పే పిల్లలు తక్కువండీ. నమ్మకం కుదరడానికే అంత పడుతుంది.

హైస్కూల్_టీచర్
వచ్చే మీటింగ్‌లో ప్రశ్నపత్రాన్నీ గదినీ విడదీసి అడుగుతాను. పత్రానికి సంతకం కావాలి, చూడటానికి సరిపడా మనుషులు దొరికేదాకా అది ఆపమంటాను. గది తలుపు మాత్రం అడిగిన పిల్లకు సంతకం లేకుండానే తెరవాలంటాను. రఘు గారు ఈ రెండోదానికి వ్యతిరేకంగా మాట్లాడతానంటే మాట్లాడనివ్వండి, నేను మాత్రం అక్కడ తగ్గను.