అప్‌డేట్: 454 ఎక్కింది, మొదట వణికించింది

ట్రైలర్‌ను లాగే నా పాత షెవర్లే పికప్‌లోని 350 ఇంజన్ తీసేసి, ఇంటి దగ్గరే 454 బిగ్ బ్లాక్ (అంతకంటే పెద్ద షెవర్లే ఇంజన్; ఈ అంకెలు ఘనపు అంగుళాల్లో ఇంజన్ సైజు) బిగించవచ్చా అని అడిగాను కదా. బిగించాను. రెండు వారాంతాల్లో అవుతుందనుకున్న పని ఐదింటిని మింగింది.

గేర్‌బాక్సు మార్చాల్సిన అవసరం రాలేదు. ఇంజన్ వెనుక బోల్టుల అమరిక రెండింటికీ ఒకటే. ఆ ధీమాతో పాత ఫ్లెక్స్‌ప్లేటునే (ఇంజన్‌ను గేర్‌బాక్సుకు కలిపే గుండ్రటి పలక) ఉంచేశాను. స్టార్ట్ చేయగానే బండి మొత్తం వణికింది, వేగం పెంచితే మరీ ఘోరం. ఇంజన్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే మౌంట్లను అనుమానించి ఒక రోజంతా పోగొట్టుకున్నాను. అసలు సంగతేమిటంటే, 454కు బ్యాలెన్సు బయటి నుంచి ఇస్తారు: ఇంజన్ ముందుండి కంపనాలను తగ్గించే డ్యాంపర్‌కూ, వెనుక ఫ్లెక్స్‌ప్లేటుకూ అదనపు బరువు ఉండాలి. నా పాత ప్లేటుకు అది లేదు. గేర్‌బాక్సు మళ్లీ దించాను, నోరు మూసుకుని.

పెద్ద రేడియేటర్ వేయమన్న వారి మాట విన్నందుకు మాత్రం సంతోషం. 7.4 లీటర్ల ఇంజన్ వేడిని చల్లార్చడం పాతదాని తరం కాదు. ముందు స్ప్రింగులు బరువుకు కుంగాయి, ఇంకా మార్చలేదు. బ్రేకులు, ఫ్రేము పాతవే కనుక లాగే బరువు పెంచడం లేదు.

నిన్న నిండు ట్రైలర్‌తో ఎత్తు ఎక్కాను. గేరు దిగలేదు. పెట్రోలు ముల్లు మాత్రం కళ్లెదుటే దిగింది.