పిల్లల క్యాన్సర్ వార్డులో సంక్రాంతి పార్టీ: ఆ డబ్బు అలా ఖర్చు పెట్టడం సబబేనా?

ఆదివారం బ్యాచ్:
మా ఆఫీసులో పన్నెండు మందిమి కలిసి ఏటా సంక్రాంతికి ముందు ఆదివారం ఒక ఆస్పత్రికి వెళ్తాం. హైదరాబాదే. క్యాన్సర్ పిల్లలకి, వాళ్ళ ఇంటివాళ్ళకి కింద హాల్లో భోజనం, మ్యాజిక్ షో, బొమ్మలు, ఇంటికో కిట్టు. కిందటేడు లక్షా ఎనభై వేలయింది. ఈసారి మాలో ఒకతను అడ్డం తిరిగాడు. "ఆ డబ్బుతో ఎంతమందికి గది అద్దె కట్టొచ్చో ఎప్పుడైనా లెక్కేశారా?" అన్నాడు. ఎవరి దగ్గరా జవాబు లేదు. మీరేమంటారు?

లెక్కల మాస్టారు:
మీవాడు అన్నదాంట్లో తప్పేముంది? ఆరోగ్యశ్రీ ఉంది కదా అనుకుంటాం. తెలంగాణలో 2023 డిసెంబరులో దాన్ని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు కూడా. కానీ కార్డు కట్టేది ఆస్పత్రి బిల్లు. బయట గది అద్దె, పూట భోజనం, ఆటో చార్జీ దాంట్లో రావు. పిల్లల్లో ఎక్కువగా వచ్చే ఏఎల్ఎల్ అనే బ్లడ్ క్యాన్సర్‌కి ట్రీట్‌మెంట్ రెండు మూడేళ్ళు నడుస్తుంది. అన్నాళ్ళూ ఇంట్లో ఒకరు కూలి మానుకోవాల్సిందే. ఇలాంటి కుటుంబాలకి ఉచితంగా బస ఇవ్వాలనే 2006లో ముంబైలో సెయింట్ జూడ్ సెంటర్లు మొదలయ్యాయి. ఇప్పుడు హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. మీ మ్యాజిక్ షో అయిపోయాక ఆసిఫాబాద్ నుంచి వచ్చిన తల్లి మళ్ళీ చాప పరుచుకునేది ఎక్కడో కనుక్కున్నారా?

పెసరట్టు:
మాస్టారూ, మీ లెక్కన పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు కూడా మానేసి అద్దెలే కట్టాలి. జబ్బు చేసిన పిల్లలకి పండగ ఉండకూడదా?

చిన్నోడి అమ్మ:
నేను రెండు వైపులా మాట్లాడతా, తిట్టుకోకండి. మావాడికి ఏఎల్ఎల్. ట్రీట్‌మెంట్ అయిపోయింది, ఇప్పుడు మూడో తరగతి. మేం ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఇలాంటి పార్టీ ఒకటి చేశారు.

మా పెద్దమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు. ఏడు నెలలుగా మా అత్తగారి దగ్గరే ఉంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ దాన్ని అడిగేది ఒకటే, "తమ్ముడికెలా ఉంది?" అని. పార్టీకి దాన్నీ తీసుకురమ్మంటే తీసుకొచ్చాం. అక్కడొకావిడ దాని పక్కన కూర్చుని, పేరు అడిగి, ఒక గుడ్డ సంచీ మీద స్కెచ్చు పెన్నుతో రాసి చేతికిచ్చింది. లోపల ఏమిచ్చారో నాకు గుర్తులేదు. సంచీ చెవి తెగిపోయింది, ఇప్పటికీ పడేయనివ్వదు. ఆ డబ్బు నా చేతికిచ్చి ఉంటే నేను అద్దె కట్టేసేదాన్ని. దానికి సంచీ వచ్చేది కాదు.

ఇక కోపం. భోజనాల ముందు ఎవరో పెద్దమనిషి మైకు పట్టుకున్నాడు. మావాణ్ణి స్టేజీ ఎక్కించి, "ఈ పసివాడికి వచ్చిన కష్టం చూడండి" అన్నాడు. వాడు గుండు మీద రెండు చేతులూ పెట్టేసుకున్నాడు. ఆ ఫొటో వాట్సాప్‌లో తిరిగి తిరిగి మా ఊరి గ్రూపుకొచ్చింది. అప్పటిదాకా ఊళ్ళో మేం చెప్పుకున్నది పచ్చకామెర్లని. ఆడపిల్ల ఉన్న ఇల్లు కదా, రేపు సంబంధాలప్పుడు "వాళ్ళింట్లో ఆ జబ్బుంది" అంటారని మా మామగారి భయం. అది అంటేదీ కాదు, చాలావరకు వంశపారంపర్యమూ కాదని ఆయనకి ఎవరు చెప్పగలరు?

లెక్కల మాస్టారు:
అమ్మా, మీ పాప సంగతి నాకు తట్టనే లేదు, ఒప్పుకుంటున్నా. కానీ ఒక సంచీకి లక్షా ఎనభై వేలు అక్కర్లేదు కదా.

డాలస్ నుంచి:
ఇక్కడ క్రిస్మస్‌కి కొన్ని పిల్లల ఆస్పత్రుల్లో ఒక పద్ధతి ఉంది. దాతలు ప్యాక్ విప్పని కొత్త బొమ్మలు తెచ్చిస్తారు. వాటిని ఒక గదిలో షాపులా సర్దుతారు. అమ్మానాన్నలు వచ్చి తమ పిల్లలకి నచ్చేవి ఎంచుకుంటారు, డబ్బేమీ కట్టక్కర్లేదు. జబ్బు పడ్డ పిల్లాడికే కాదు, ఇంట్లో ఉన్న అన్నకీ చెల్లికీ కూడా. బొమ్మ ఇచ్చేది నాన్నే. దాత ఎవరో పిల్లాడికి తెలియనే తెలియదు.

పెసరట్టు:
అలాగైతే మన పెద్దమనిషి మైకు ఎక్కడ పట్టుకుంటాడండీ పాపం.

నైట్ డ్యూటీ:
పార్టీ ఉండాలా వద్దా అన్నది మీరు తేల్చుకోండి. నేను వార్డులో నర్సుని, నా టెన్షన్ వేరు. కీమో తర్వాత పిల్లలకి తెల్ల రక్తకణాలు పడిపోతాయి. ఏఎన్‌సీ, అంటే వాటిలో ఇన్ఫెక్షన్‌తో పోరాడే కణాల లెక్క, 500 కన్నా తగ్గిందంటే జ్వరం రావడమే ఎమర్జెన్సీ. మీ పన్నెండు మందిలో ఒకరికి జలుబున్నా చాలు. పూలు, కోసిన పళ్ళు, గంటల తరబడి బయట పెట్టిన భోజనం మేం ఒప్పుకోం. చెప్తే మొహం ముడుచుకుంటారు, "ఇంత ప్రేమగా తెస్తే" అని.

కిందటి భోగికి ఒకామె రేగుపళ్ళు, చిల్లర, చామంతి రేకులు కొంగులో దాచుకుని వచ్చింది. పిల్లకి మూడేళ్ళు. తలమీద పోయకపోతే దిష్టి పోదని ఆమె పట్టు. మేం ఇద్దరం కూర్చుని రంగు కాగితాలు రూపాయి బిళ్ళంత కత్తిరించి, కాగితం చుట్టిన చాక్లెట్లు కలిపి దోసిట్లో పోశాం. మూడుసార్లు తిప్పి పోసింది. పిల్ల ఒళ్ళో పడ్డ చాక్లెట్టు పట్టుకుని అక్కడే విప్పబోయింది. మొత్తం ఖర్చు అరవై రూపాయలు.

ఇంకోమాట. మీరంతా పండగ ముందు ఆదివారమే వస్తారు. కౌంట్లు బాగున్న పిల్లల్ని మేం భోగికి ఇళ్ళకి పంపేస్తాం. పండగ రోజు వార్డులో ఉండేది పంపలేని పిల్లలే. ఆ రోజు ఎవరూ రారు. కిటికీలోంచి గాలిపటాలు చూస్తూ కూర్చుంటారు.

ఆదివారం బ్యాచ్:
నిన్న రాత్రి మావాళ్ళకి ఇదంతా చదివి వినిపించాను. షాపు పద్ధతి అందరికీ నచ్చింది. స్టేజీ, మైకు తీసేద్దామన్నాం. ఫొటోల దగ్గర ఆగింది. సగం డబ్బు మా కంపెనీ సీఎస్ఆర్ కింద, అంటే సమాజసేవకని పక్కన పెట్టే డబ్బులోంచి, ఇస్తుంది. పిల్లలు లేని ఫొటో పంపితే వచ్చే ఏడు ఇవ్వరేమోనని ఇద్దరి భయం.

లెక్కల మాస్టారు:
ఖాళీ హాలు ఫొటో, బొమ్మల ఫొటో, బిల్లులు పెట్టి పంపండి. దానికీ ఒప్పుకోకపోతే వాళ్ళు కొంటున్నది ఏమిటో తెలిసిపోతుంది. పన్లో పని, ఆ కిట్టులో సబ్బులు తీసేసి ఒక కాగితం పెట్టండి. వైద్యానికి వెళ్ళే క్యాన్సర్ పేషెంటుకి రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీ టికెట్‌కి డబ్బు కట్టక్కర్లేదు, తోడు వచ్చేవాళ్ళకి 75 శాతం తగ్గింపు. ఆస్పత్రిలో ఫారం రాయించుకోవాలి. బస్సుకి అప్పు చేసి వచ్చేవాళ్ళలో చాలామందికి ఇది తెలియదు.

నైట్ డ్యూటీ:
అది నిజం. సరే, పండగ రోజు ఊళ్ళో ఉండేదెవరు? ఇద్దరు చాలు, ఎక్కువ మంది వద్దు.

ఆదివారం బ్యాచ్:
నేనుంటాను. మా అమ్మకి ఇంకా చెప్పలేదు.

చిన్నోడి అమ్మ:
నేనూ వస్తాను. మావాణ్ణి తీసుకురావచ్చా? జలుబేమీ లేదు.

నైట్ డ్యూటీ:
పిల్లల్ని వార్డులోకి రానివ్వరమ్మా. కింద గేటు దగ్గర నిలబెట్టి నాకు ఫోన్ చెయ్యండి. టోపీ పెట్టకండి, జుట్టు కనపడాలి. మావాళ్ళని కిటికీ దగ్గరికి తీసుకొస్తాను.