బిట్లు బట్టీ కొట్టడం కాదు, మన తిరుపతి చుట్టుపక్కల కళ్లారా చూసిన సైన్స్ ఏదైనా ఉంటే చెప్పండి

బైరాగిపట్టెడ కుర్రోడు:
మొన్న కోచింగ్‌లో మాక్ టెస్ట్ పెట్టారు. నీళ్లు ఎక్కడైనా 100 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అవునా కాదా అని ఒక బిట్టు. కళ్లు మూసుకుని అవును అని పెట్టేశాను, తప్పంట, పైగా నెగెటివ్ మార్కు. రూముకొచ్చి చెప్తే మా రూమ్మేట్ పడీ పడీ నవ్వి, హార్స్‌లీ హిల్స్ పోయి కుక్కర్ లేకుండా పప్పు ఉడకబెట్టి చూడరా అన్నాడు. చదివిన బిట్లు వారం తిరిగేసరికి గాలికి పోతున్నాయి గానీ ఇది మాత్రం ఇక చచ్చినా మర్చిపోను. ఇట్లాంటివి మీకేమైనా ఉంటే రాయండి.

మదనపల్లె టమోటా:
ఆ రూమ్మేట్‌ని నేనే, వీడు సగమే చెప్పాడు. డిగ్రీలో ఉన్నప్పుడు ఆరుగురం హార్స్‌లీ హిల్స్ పోయాం, కుక్కర్ తెచ్చే డ్యూటీ నాదే, నేనే మర్చిపోయాను. గిన్నెలో కందిపప్పు వేసి గంటన్నర కూర్చున్నా పలుకు పలుకుగానే ఉంది, చివరికి టమోటాలు పిండుకుని చారన్నం అనుకుని తిన్నాం. అక్కడ ఎత్తు సుమారు 1,265 మీటర్లు, పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి నీళ్లు 96 డిగ్రీలకే తెర్లుతాయి. మంట ఎంత పెంచినా ఆవిరి ఎక్కువ పోతుందే గానీ నీళ్ల వేడి పెరగదు. కుక్కర్‌లో ఆవిరిని బిగబట్టి ఒత్తిడి పెంచుతాం కాబట్టి 120 దాకా పోతుంది. ఇంకోటి, పైన నీళ్లు తాగేసి మూత గట్టిగా బిగించిన ఖాళీ బాటిల్ తిరుపతి వచ్చేసరికి ఎవరో పిడికిలితో నొక్కినట్టు సొట్టపోయింది. లోపల ఉన్నది కొండ మీది పల్చటి గాలి, బయట కిందిగాలి దాదాపు ఎనిమిదో వంతు ఎక్కువ బరువుతో నొక్కుతుంది.

తిరుచానూరు అక్క:
తిరుమల ఘాట్‌లో చెవులు దిబ్బెళ్లు వేసేది కూడా అందుకే కదా తమ్ముడూ. మా పాపకు నోట్లో ఒక పిప్పరమెంటు పెడతాను, మింగుతుంటే చెవులు విడుస్తాయి. బాటిల్ ప్రయోగం మాత్రం తిరుమలలో కుదరదులే, ప్లాస్టిక్ బాటిళ్లు అక్కడ బంద్.

సూళ్లూరుపేట లోకల్:
శ్రీహరికోట పక్కనే కాబట్టి మాకు రాకెట్లే జీకే. కొత్తగా చూడ్డానికి వచ్చిన వాళ్లందరిదీ ఒకటే తంతు, రాకెట్ లేస్తుంది, అరుస్తారు, ఫోన్లు ఎత్తుతారు, తర్వాత సౌండ్ రాలేదేందన్నా అని మన మొహం చూస్తారు. శబ్దం కిలోమీటరుకు మూడు సెకన్లు తీసుకుంటుంది, మా మిద్దెకు రావాలంటే దాదాపు నిమిషం. 2023 జులై 14న చంద్రయాన్-3 మధ్యాహ్నం 2:35కి లేచింది. మా బావమరిది ఇంతేనా అని మెట్లు దిగుతున్నాడు, అప్పుడు వచ్చింది సౌండు, ముందు కిటికీ రెక్కలు గడగడమన్నాయి, తర్వాత గుండెల్లో. మళ్లీ పైకి పరిగెత్తేసరికి రాకెట్ మబ్బుల్లో కలిసిపోయింది.

బైరాగిపట్టెడ కుర్రోడు:
అన్నా, రాత్రిపూట లాంచ్‌లు మా మిద్దె మీద నుంచి కూడా కనిపిస్తాయి, కాషాయం రంగు చుక్క పైకి పాకినట్టు. కానీ కొన్ని తూర్పుకు పోతాయి, కొన్ని దక్షిణానికి తిరుగుతాయి, ఏంది కథ?

సూళ్లూరుపేట లోకల్:
భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కదా, శ్రీహరికోట దగ్గర ఆ వేగం సెకనుకు దాదాపు 450 మీటర్లు. తూర్పుకు వదిలితే అది ఊరికే వచ్చిన తోపు, పైగా కింద అంతా సముద్రం. దక్షిణానికి పోయేవి ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలవి. నేరుగా దక్షిణానికి పోతే శ్రీలంక అడ్డం వస్తుంది, అందుకని మొదట కాస్త పక్కకు పోయి తర్వాత వంపు తిరుగుతాయి. ఆ మలుపులో ఇంధనం కొంత దండగే.

బంగారుపాళెం మామిడి:
మాది తోట. పోటీ పరీక్షల్లో కార్బైడ్ నుంచి వచ్చే వాయువు ఏది అని అడుగుతారంట, అసిటిలీన్ అని టిక్కు పెట్టి పోతారు. దాని వెనకాల కథ మా ఇంట్లో ఉంది. మా అవ్వ కాయల్ని వరిగడ్డిలో పేర్చి మధ్యలో రెండు మాగిన పండ్లు పెట్టేది. మాగిన పండు ఇథిలీన్ వదులుతుంది, అది తగిలి పక్క కాయ కూడా మాగి అదీ వదులుతుంది, గడ్డి ఆ గాలిని బయటికి పోనివ్వదు. అవ్వకు ఇథిలీన్ పేరు తెలీదు, ఒకటి మాగితే ఊరంతా మాగుతుంది అనేది. కార్బైడ్ పొట్లం తేమ తగిలితే అసిటిలీన్ వస్తుంది, అది ఇథిలీన్‌లాగే పనిచేస్తుంది గానీ పొడిలో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలుంటాయి, పండ్లకు వాడటం నిషేధం. పోయిన సీజన్‌లో ఊరెళ్తూ దారిలో ఒక అంగట్లో పెట్టె కొన్నాం, తోట ఉండి కొన్నాం, సిగ్గుచేటు. తొక్క పసుపు, టెంక చుట్టూ తెల్లగా పులుపు. అడుగున కాగితంలో బూడిద రంగు పొట్లం.

పలమనేరు మాస్టారు:
మిట్టమధ్యాహ్నం పన్నెండుకు సూర్యుడు నడినెత్తిన ఉంటాడు అన్న వాక్యం పిల్లలు రాస్తే నేను సున్నా పెడతాను. మన చిత్తూరు, తిరుపతి వైపు అది ఏడాదికి రెండు రోజులే, అదీ సరిగ్గా పన్నెండుకు కాదు. తిరుపతిలో ఏప్రిల్ 26, 27 తేదీల్లో 12:10 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 16 దగ్గర. మన దేశం గడియారం అలహాబాద్ (ఇప్పటి ప్రయాగ్‌రాజ్) పక్కనుంచి పోయే 82.5 డిగ్రీల రేఖాంశానిది, మనం దానికి పడమరగా ఉన్నాం, అందుకే ఆలస్యం. బడి ఆవరణలో స్టీలు గ్లాసు బోర్లించాం, నీడ గ్లాసు కిందికి దూరిపోయింది. ఒక ఆరో తరగతి పిల్లోడు తన నీడ యాడికి పోయిందని వెనక్కి తిరిగి తిరిగి వెతుక్కున్నాడు. ఆగస్టులో మబ్బుల వల్ల నాకు ఒక్కసారీ కుదరలేదు.

కాళహస్తి కలం:
మా ఇంటి పక్కన కలంకారీ వేస్తారు. గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. బెల్లం, తుప్పు ఇనుము నానబెట్టిన నీళ్లతో గీత గీస్తే మొదట పలచగా ఉంటుంది, చూస్తుండగానే నల్లగా తిరుగుతుంది. కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం ఇనుముతో కలవడమే, పాతకాలం సిరా కూడా ఇదే లెక్క. పాలల్లోని కొవ్వు వల్ల గీత పాకదు. వాసన మాత్రం భరించలేం.

బైరాగిపట్టెడ కుర్రోడు:
గాదంకి రాడార్ గురించి ఎవరూ రాయలేదేంటి? చిత్తూరు రోడ్డులోనే కదా.

తిరుచానూరు అక్క:
కాలేజీ రోజుల్లో తీసుకెళ్లారు తమ్ముడూ. పెద్ద గుండ్రటి గొడుగు ఉంటుందనుకుని పోయాం, చూస్తే పొలంలో నాటినట్టు చేపముళ్ల యాంటెనాలు, 1,024 అంట. మా ఇంటి మిద్దె మీద దూరదర్శన్ కోసం నాన్న తిప్పుతుండేవాడే, ఆ జాతే, జపాన్ వాళ్లు యాగి, ఉడా కనిపెట్టింది. ఇవి 53 మెగాహెర్ట్జ్ తరంగాల్ని పైకి పంపి, గాలిలోని సుడుల నుంచి తిరిగొచ్చేది వింటాయి, మబ్బు లేకున్నా పైన గాలి ఎటు పోతుందో తెలుస్తుంది. మా ఫ్రెండు మాత్రం ఇన్నిటికీ క్రికెట్ వస్తుందా సార్ అని అడిగింది.

మదనపల్లె టమోటా:
మాస్టారూ, ఏప్రిల్ 26న మా మిద్దె మీద గ్లాసు పెడతాం. వీడికి గ్లాసు తెచ్చే డ్యూటీ ఇస్తున్నా, నాకు వద్దు.