శబరిమల నుంచి తిరుగు దారిలో పదమూడు కమానుల రాతి వంతెన

రాజాం స్వామి (ప్రశ్న)

స్వామి శరణం. మాల వేసుకున్న మా బృందం మినీ బస్సులో శబరిమల వెళుతోంది. దర్శనమయ్యాక పునలూరు, తెన్మల మీదుగా ఆర్యంకావు శాస్తా ఆలయం చూసుకుని, సెంగోట్టై దాటి మధురై, రామేశ్వరం వెళ్లాలన్నది గురుస్వామిగారి ఆలోచన. తెన్మలకూ ఆర్యంకావుకూ నడుమ పడమటి కనుమల అడవిలో పదమూడు కమానుల రాతి రైలు వంతెన ఉందని, అది తిరువాన్కూరు సంస్థానం (ఇప్పటి దక్షిణ కేరళ ప్రాంతం) నాటిదని విన్నాను. అరకు రైలులో ఎన్నో వంతెనలు దాటాను గానీ రాతి కమానుల మీద నిలిచినదాన్ని కొండల మధ్య ఎక్కడా చూడలేదు. దానికోసం బస్సు దిగి అడవిలోకి నడవాలా, పైకి ఎక్కనిస్తారా, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ కూడా చూడగలదా, బ్రాడ్‌గేజ్ (వెడల్పు పట్టాల లైను) వేసినప్పుడు పాతది పడగొట్టారన్న మాట నిజమేనా అన్నవి నా సందేహాలు. తెలిసినవారు చెప్పగలరు.

చీపురుపల్లి యాత్రికుడు

అడవిలోకి నడవవలసిన పని లేదండీ. కొల్లం నుంచి మధురై దగ్గరి తిరుమంగళం దాకా వెళ్లే 744వ జాతీయ రహదారి, కళుతురుట్టి దగ్గర సరిగ్గా ఆ వంతెన పక్కనుంచే సాగుతుంది. మీరు వెళ్లేది కూడా ఆ రోడ్డు మీదనే. కమానులన్నీ కింద రోడ్డు నుంచే కనిపిస్తాయి కాబట్టి అమ్మగారు బస్సు దిగి రెండడుగులు వేస్తే చాలు.

చిక్కల్లా వేళతోనే వస్తుంది. సాయంత్రం బయలుదేరి, రాత్రంతా నడిపి, తెల్లవారేసరికి మధురై చేర్చాలని డ్రైవర్లు లెక్క వేసుకుంటారు. అందువల్ల ఈ దారిన వెళ్లే స్వాములలో చాలామంది వంతెన పక్కనుంచే నిద్రలో దాటిపోతారు. గురుస్వామిగారిని ఒప్పించి రాత్రికి పునలూరులో బస చేయండి. అక్కడ కల్లడ నది మీద 1877లో పూర్తయిన వేలాడే వంతెన ఉంది, దాన్నీ చూడవచ్చు. పొద్దున్నే బయలుదేరితే రాతి వంతెన దగ్గర తీరికగా ఆగి, మధ్యాహ్నం నడ (గుడి తలుపులు) మూయకముందే ఆర్యంకావు చేరుకోవచ్చు. ఆ పక్కనే పాలరువి జలపాతం ఉన్నా, ఆలయానికి ఆలస్యమవుతుందనిపిస్తే నేనైతే జలపాతాన్నే వదిలేస్తాను.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. అది మలుపుల ఘాట్ రోడ్డు, తమిళనాడు నుంచి వచ్చే లారీలు ఎక్కువ. ఫోటో కోసమని మలుపులో బస్సు ఆపించకండి.

టెక్కలి పాత రైల్వే ఉద్యోగి

పడగొట్టారన్నది నిజం కాదు. తిరునల్వేలి వైపు నుంచి కొల్లం దాకా కనుమలు దాటే ఈ మీటర్‌గేజ్ మార్గం 1904లో మొదలైంది. తిరువాన్కూరుకు తొలి రైలు తెచ్చిన మార్గం ఇదే. ఘాట్‌లో 2010లో మీటర్‌గేజ్ రైళ్లు ఆపి, 2018లో బ్రాడ్‌గేజ్ ప్రారంభించారు. మన నౌపడ–గుణుపూర్ నారోగేజ్‌ను 2004లో ఆపి 2011లో బ్రాడ్‌గేజ్‌గా తెరిచినట్టే ఇక్కడా ఏళ్లు పట్టింది, అయితే ఇక్కడ వంతెనను తీసివేయకుండా దాన్నే బలపరచి పట్టాలు వేశారు.

మీటరు వెడల్పు పట్టాల కోసం కట్టినది 1,676 మిల్లీమీటర్ల గేజ్ రైలును ఎలా మోస్తుందన్న అనుమానం సహజం. రాయి ఒత్తిడికి ఎంతైనా ఓర్చుకుంటుంది గానీ వంచితే విరుగుతుంది. టెక్కలి క్వారీలలో పనిచేసిన వారెవరిని అడిగినా ఈ మాట చెబుతారు. కమాను చేసే పని ఆ వంపును రానివ్వకపోవడమే: పైనుంచి పడిన బరువు ఒక రాయి నుంచి పక్క రాయిలోకి నొక్కుకుంటూ దిగి, స్తంభాల గుండా నేలలోకి పోతుంది. పునాది కదలనంతకాలం కొంత అదనపు బరువును కూడా అది ఓర్చుకోగలదు. వంతెన కింద నిలబడినప్పుడు పొడవు సంగతి వదిలి కమాను లోపలి అంచున రాళ్లు పేర్చిన తీరు చూడండి, పనితనమంతా అక్కడే ఉంది.

పైకి మాత్రం ఎక్కవద్దు. అది నడుస్తున్న లైను; రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద పట్టాల మీదికి అక్రమంగా వెళ్లడం నేరం, ఆరు నెలల వరకు జైలు కూడా పడవచ్చు.

రాజాం స్వామి

ఇద్దరికీ ధన్యవాదాలు. పునలూరు బసకు గురుస్వామిగారు ఒప్పుకున్నారు. వంతెన మీద రైలు వెళుతుండగా చూసే వీలుంటుందా? బస్సు లేకుండా వెళ్లేవారికి మార్గమేమిటో కూడా చెబితే మా ఊరివారికి పనికొస్తుంది.

టెక్కలి పాత రైల్వే ఉద్యోగి

ఆ లైను మీద రైళ్లు తక్కువ. కొల్లం నుంచి చెన్నై ఎగ్మోర్ వెళ్లే ఎక్స్‌ప్రెస్ పగటిపూట ఘాట్ ఎక్కుతుంది, కానీ దానికోసం ఆగితే మీకు ఆర్యంకావు దర్శనం తప్పవచ్చు. వేళలు మారుతుంటాయి గనుక ముందురోజు చూసుకోండి. ఏటవాలు ఎక్కువ కావడంతో వెనుక నుంచి నెట్టడానికి కూడా ఇంజను తగిలిస్తారు, గమనించండి. బస్సు లేనివారు విశాఖపట్నం–కొల్లం రైలు ఎక్కి, కొల్లంలో తెన్కాశి వైపు వెళ్లే బస్సు పట్టుకుని కళుతురుట్టిలో దిగితే సరిపోతుంది.