36 అంగుళాల గ్యాస్ రేంజా, ఇండక్షనా: మన వంటకు ఏది నప్పుతుంది?

ప్రశ్న

డల్లాస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో ఇల్లు కట్టించుకుంటున్నాం. పొయ్యి దగ్గరికి గ్యాస్ గొట్టం తేవాలా, 240 వోల్టుల కరెంటు లైను లాగాలా అన్నది గోడలు మూసేలోగా తేల్చి చెప్పమని బిల్డరు అడుగుతున్నారు. షోరూములో వుల్ఫ్, థర్మడోర్, బ్లూస్టార్ కంపెనీల 36 అంగుళాల ఆరు బర్నర్ల రేంజ్‌లు (పైన పొయ్యి, కింద ఒవెన్ కలిసి ఉన్నవి) చూశాం. చూడడానికి దిట్టంగా ఉన్నాయి, ధర అంతకన్నా దిట్టంగా ఉంది. అమ్మేవారు ప్రతి మోడలుకూ బీటీయూ (వేడిని కొలిచే ప్రమాణం) అంకె చెప్పి, అది ఎంత పెద్దదైతే అంత మంచిదన్నట్టు మాట్లాడారు. ఇంచుమించు అదే ఖరీదులో మంచి ఇండక్షన్ కుక్‌టాప్, గోడలో అమర్చే ఒవెన్ విడివిడిగా కొనుక్కోవచ్చునని కూడా విన్నాం. మాది రెండు పూటలా వండుకునే ఇల్లు: ఉదయం అట్లో ఇడ్లీలో, సాయంత్రం అన్నం, పప్పు, కూర, మధ్య మధ్య వేపుళ్లు. మా అత్తగారు ఏడాదిలో కొన్ని నెలలు మా దగ్గరే ఉంటారు. మంట కనబడని పొయ్యి మీద సెగ ఎంతుందో ఎలా తెలుస్తుందని ఆవిడ సందేహం. రోజూ మన వంట చేసేవారు దేన్ని ఎంచుకున్నారో, ఎందుకో దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం

బీటీయూ అంకె బర్నరు గంటకు ఎంత గ్యాసు కాల్చగలదో చెబుతుంది, గిన్నెకు ఎంత వేడి అందుతుందో చెప్పదు. గంటకు 3,412 బీటీయూలు ఒక కిలోవాట్‌తో సమానం కాబట్టి, బ్లూస్టార్ ప్లాటినంలో ఉండే 25,000 బీటీయూల బర్నరు 7.3 కిలోవాట్ల పొయ్యి అవుతుంది. అమెరికా ప్రభుత్వ ఇంధన పొదుపు కార్యక్రమం ఎనర్జీ స్టార్ ఇచ్చే అంకెల ప్రకారం గ్యాసు వేడిలో సుమారు 32 శాతం, ఇండక్షన్‌లో సుమారు 85 శాతం వంటకు చేరుతుంది. అంటే అంత పెద్ద మంట నుంచి గిన్నెకు దక్కేది సుమారు 2.3 కిలోవాట్లు కాగా, 3.7 కిలోవాట్ల ఇండక్షన్ గడి (గిన్నె పెట్టే చోటు) నుంచి దక్కేది 3.1 కిలోవాట్లు. మిగిలిన గ్యాసు వేడి వంటింట్లోకే వస్తుంది, ఆగస్టు నెలలో దాన్ని మళ్లీ ఏసీతో చల్లార్చుకోవాలి.

ఇంత చెప్పినా మా ఇంట్లో ఉన్నది గ్యాసే, మార్చే ఉద్దేశం కూడా లేదు. అయితే గ్యాసు రేంజ్ కొనేటప్పుడు మంట ఎంత పెద్దది అన్నదానికన్నా, ఎంత చిన్నదవుతుంది, గిన్నె కింద ఎక్కడ తగులుతుంది అన్నవి చూడాలి. పెద్ద బర్నర్లలో చాలావాటికి మంట వెడల్పాటి వలయంలా వస్తుంది. దాని మీద పలుచటి పెనం పెట్టి అట్టు పోస్తే, వలయం మేర ఎర్రగా కాలి, నడుమ రూపాయి బిళ్లంత మేర తెల్లగా మిగిలిపోతుంది. బ్లూస్టార్ వారి మూతలేని బర్నర్లలో మంట నడిమికి కూడా వస్తుంది, పైన ఉన్న చిన్న ఇనుప చట్రం తీసేస్తే గుండ్రటి అడుగున్న మూకుడు నేరుగా అందులో కూర్చుంటుంది. వేపుళ్లకు అంతకు మించినది నేను చూడలేదు. కానీ పాలు పొంగితే బర్నరు సందుల్లోంచి కింది పళ్లెంలోకి దిగిపోతాయి, ఆ పళ్లెం లాగి కడగాలి. వుల్ఫ్ బర్నర్లు మూసి ఉంటాయి కనుక పొంగినది పైనే ఆగుతుంది; వాటిలో రెండు అంతస్తుల మంట ఉండి, సిమ్‌లో కింది వరస మాత్రమే వెలుగుతుంది. థర్మడోర్‌లో కొన్ని బర్నర్లు సన్నని సెగ కోసం వాటంతట అవే ఆరుతూ వెలుగుతూ ఉంటాయి.

షోరూముకు మళ్లీ వెళ్లేటప్పుడు మీ పోపు గరిటె, పాల గిన్నె, అట్ల పెనం వెంట తీసుకెళ్లండి. అమ్మేవారు వింతగా చూస్తారు, ఫర్వాలేదు. ఈ పెద్ద రేంజ్‌ల చట్రాల సందులు ఎంత వెడల్పుగా ఉంటాయంటే, పోపు గరిటె వాటి మీద నిలవక ఒరిగిపోతుంది.

రెండవ సమాధానం

పై వారి లెక్కతో నాకు పేచీ లేదు. ఇండియాలో గ్యాసు స్టవ్‌కు కనీసం 68 శాతం సామర్థ్యం ఉండాలని ఐఎస్ 4246 ప్రమాణం చెబుతుంది కదా, ఇక్కడ 32 ఏమిటని ఎవరైనా అడగవచ్చు. కొలిచే పద్ధతులు వేరు గనుక ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

మేము ఇండక్షన్ వాడుతున్నాం. అన్నం, పప్పు, పులుసు, పాలు, కుక్కరు పనులన్నిటికీ గ్యాసు కన్నా హాయిగా ఉంది. కుక్కరు విజిల్ వచ్చాక అంకె 3కు తగ్గిస్తే సెగ ఆ క్షణమే తగ్గుతుంది. మీ అత్తగారి సందేహానికి ఈ అంకెలే జవాబు, అలవాటు కావడానికి కొంత ఓపిక పట్టాలి. ముందుగా ఇంట్లో ఉన్న పాత్రల అడుగుకు అయస్కాంతం పెట్టి చూసుకోండి, అది అంటుకున్నవే దీని మీద పనిచేస్తాయి. పాత అల్యూమినియం కుక్కరు, ఇత్తడి గిన్నెలు, గుండ్రటి అడుగు మూకుళ్లు పక్కన పెట్టవలసిందే. పోపుకు అడుగు చదునుగా ఉన్న చిన్న స్టీలు గిన్నె కావాలి, మరీ చిన్నదైతే పొయ్యి దాన్ని గుర్తించదు.

అట్ల విషయంలో జాగ్రత్త అవసరం. 12 అంగుళాల పెనాన్ని 8 అంగుళాల కాయిల్ మీద పెడితే అంచులు పచ్చిగా ఉండి నడుమ మాడుతుంది. అందువల్ల 11 అంగుళాల గడి కనీసం ఒకటి ఉన్న మోడల్‌నే చూడండి, ఇనుప పెనాన్ని మొదట తక్కువ సెగ మీద నిదానంగా కాగనివ్వండి. పుల్కాలు మంట మీద పొంగించడం, పచ్చడికి వంకాయ కాల్చడం దీని మీద కుదరవు. మేము వంకాయను ఒవెన్‌లో పైనుంచి సెగ ఇచ్చే బ్రాయిలర్ కింద పెడతాం, ఆ పొగ వాసన మాత్రం రాదు.

ఇక కరెంటు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సాస్‌లో లక్షలాది ఇళ్లకు కరెంటు పోయింది. గ్యాసు పొయ్యి ఉన్నవారు అగ్గిపుల్లతో వెలిగించుకుని వండుకున్నారు. అన్ని మోడళ్లూ అలా వెలగవు కాబట్టి, గ్యాసు కొన్నా ఆ సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి.

మూడవ సమాధానం

పొయ్యి గురించి ఇంత చర్చ జరిగింది, చిమ్నీ మాట ఒక్కరూ ఎత్తలేదు. మిరపకాయలు వేయించినప్పుడు ఇల్లంతా ఘాటెక్కి తుమ్ములు రావడం, కూర వాసన పడకగది పరదాలకు పట్టడం పొయ్యి మార్చినంత మాత్రాన పోవు. నన్ను అడిగితే పొయ్యిలో ఒక మెట్టు దిగి, ఆ డబ్బు చిమ్నీ మీద పెట్టమంటాను. చాలామంది బిల్డర్లు పొయ్యి పైన మైక్రోవేవ్ బిగించి దానికే ఒక ఫ్యాను ఇస్తారు. గాలిని వడకట్టి మళ్లీ వంటింట్లోకే వదిలే రకమైతే మన వంటకు అది ఉన్నా లేనట్టే.

36 అంగుళాల పొయ్యికి 42 అంగుళాల హుడ్ (ఆవిరిని పట్టే చిమ్నీ పైకప్పు) పెట్టించండి, ముందు బర్నర్ల ఆవిరి కూడా దొరికేలా అది 24 అంగుళాలకు తగ్గని లోతుతో ఉండాలి. గ్యాసు రేంజ్‌కు ప్రతి 10,000 బీటీయూలకు నిమిషానికి 100 ఘనపుటడుగుల గాలి లాగాలన్నది వాడుకలో ఉన్న లెక్క. అయితే ఆ సామర్థ్యం 400 దాటితే, బయటి గాలి లోపలికి వచ్చే ఏర్పాటు ఉండాలని ఇక్కడ చాలా ఊళ్లు పాటించే ఇళ్ల నిర్మాణ నియమావళి, ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ చెబుతుంది. మినహాయింపులు ఎడిషన్‌ను బట్టి మారతాయి గనుక మీ ఊరి పర్మిట్ ఆఫీసులో విచారించండి. ఆ ఏర్పాటు లేకుండా పెద్ద ఫ్యాను వేస్తే, ఇంట్లో గాలి పీడనం తగ్గి, గ్యాసు వాటర్ హీటరు పొగ గొట్టం లోంచే వెనక్కి రావచ్చు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. బిల్డరు ప్లానులో వెనకవైపు చిన్న రెండో వంటిల్లుకు కూడా చోటు ఉంది. ప్రధాన వంటింట్లో ఇండక్షన్, అక్కడ గ్యాసు పెట్టుకోవడం సమంజసమేనా?

మూడవ సమాధానం ఇచ్చినవారు

సమంజసమే. వేపుళ్లు, పోపులు వెనక చేస్తారు కాబట్టి బలమైన చిమ్నీ అక్కడే పెట్టండి. ఆ గదికి రెండు బర్నర్ల మామూలు గ్యాసు కుక్‌టాప్ చాలు, పాత మూకుడూ ఇత్తడి గిన్నెలూ అక్కడికి చేరతాయి. ప్రధాన వంటింటికి 240 వోల్టుల, 50 ఆంపియర్ల లైను లాగించి, గ్యాసు గొట్టం కూడా తెచ్చి మూత బిగించి ఉంచమనండి. రేపు మనసు మారి పైన గ్యాసు, కింద కరెంటు ఒవెన్ ఉన్న డ్యుయల్ ఫ్యూయల్ రేంజ్ కొన్నా రెండూ పనికొస్తాయి. చిమ్నీ గొట్టం ఎంత వ్యాసమో హుడ్ కంపెనీ మాన్యువల్‌లో చూసి, వంపులు తక్కువగా ఉండేలా నేరుగా బయటికి వెళ్లేట్టు గీయించి, ఆ కొలత ప్లాను మీద రాయించుకున్నాకే సంతకం పెట్టండి.