అమ్మ జీతం, నాయన మామిడితోట కలిపితే 8 లక్షలు దాటుతోంది. ఓబీసీ ఎన్‌సీఎల్ (నాన్ క్రీమీలేయర్, అంటే బీసీల్లో బాగా ఎదిగిన కుటుంబం కాదనే సర్టిఫికెట్) రాదా?

బంగారుపాళ్యం_తోట: మేం బీసీ-బి. అమ్మ మండల పరిషత్ బడిలో ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్). నాయనకు బోరు కింద 6 ఎకరాల తోతాపురి తోట ఉంది. తిరుపతిలో ఒక పోర్షన్‌కు బాడుగ నెలకు 9 వేలు. ఐఐటీల ప్రవేశ పరీక్ష జేఈఈ కోసం తమ్ముడికి ఎన్‌సీఎల్ అడిగితే సచివాలయంలో "ఆదాయం జాస్తి, రాదు" అంటున్నారు. పక్కింటి ఓసీ పిల్లోడికి ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గాల కోటా) కూడా ఇదే లెక్కా?

సర్టిఫికెట్_సాయం: వస్తుందన్నా. వాళ్లు మూడూ కలిపేస్తున్నారు, పొరపాటు అక్కడే ఉంది. 1993 సెప్టెంబరు 8 నాటి కేంద్ర ఉత్తర్వు ప్రకారం ఆదాయ పరీక్షలో ప్రభుత్వ జీతమూ, సేద్యం రాబడీ కలపకూడదు. మీకు మిగిలేది బాడుగే: ఏడాదికి 1,08,000. ఇలాంటి ఇతర ఆదాయం వరుసగా మూడేళ్లు 8 లక్షలు, ఆపైన ఉంటేనే క్రీమీలేయర్. తమ్ముడి సొంత సంపాదన ఉన్నా లెక్కలోకి రాదు.

అమ్మ విషయంలో చూసేది జీతం కాదు, హోదా. తల్లిదండ్రుల్లో ఒక్కరు ప్రభుత్వ ఉద్యోగంలో నేరుగా గ్రూప్-ఎ (పై స్థాయి అధికారి పోస్టు) లో చేరినా, ఇద్దరూ నేరుగా గ్రూప్-బి (దాని కింది స్థాయి) లో చేరినా పిల్లలకు రాదు. ఎస్జీటీ ఈ రెంటిలోనూ లేదు. జీతం స్లిప్పుతో ఆగకుండా, మొదట చేరిన పోస్టు, తేదీ ఉన్న సర్వీసు సర్టిఫికెట్ కూడా జతచేయండి. స్లిప్పు ఒక్కటే పెడితే చూసేవాళ్ల కళ్లు అంకె మీదే పడతాయి.

సమాజశాస్త్రం_పీజీ: భూమిదీ వేరే కొలత. మామిడి, నిమ్మ జాతి తోటలను వ్యవసాయ భూమిగానే చూస్తారు; కాఫీ, టీ, రబ్బరు తోటలకే ఆదాయ పరీక్ష. కుటుంబానికి ఉన్నదంతా నీటిపారుదల భూమి అయితే, అది భూపరిమితి చట్టం గరిష్ఠంలో 85 శాతానికి చేరితేనే అడ్డు. పూర్తిగా మెట్ట అయితే అసలు అడ్డే లేదు. 6 ఎకరాలకు భయం అక్కర్లేదు. 1973 నాటి మన ఆంధ్రప్రదేశ్ భూపరిమితి చట్టంలో మాగాణికే నేలరకాన్ని బట్టి 10 నుంచి 27 ఎకరాల దాకా ఉంది.

బీసీ రిజర్వేషన్లపై సుప్రీంకోర్టు ఇచ్చిన 1992 ఇంద్రా సాహ్నీ తీర్పు వేరుచేయమన్నది సామాజికంగా ఎదిగిపోయిన వాళ్లను. సమాజశాస్త్రవేత్త మాక్స్ వెబర్ వర్గాన్ని (ఆర్థిక స్థితిని), హోదాను (సమాజంలో గౌరవాన్ని) విడదీసి చూశాడు కదా, ఈ ఉత్తర్వులో కనిపించేది ఆ తేడాయే. దీన్ని పేదరికపు గీతలా చదివితే అర్హులైన పిల్లలు నష్టపోతారు, నాకు బాధ కలిగించేది అదే.

సర్టిఫికెట్_సాయం: ఈడబ్ల్యూఎస్‌కు ఆ మినహాయింపులేవీ లేవు. జీతం, సేద్యం, వ్యాపారం అన్నీ కలిపి 8 లక్షల లోపు ఉండాలి. కేంద్ర సర్టిఫికెట్‌కు ఆస్తి కూడా చూస్తారు: 5 ఎకరాలు, ఆపైన పొలం ఉంటే రాదు, 1000 చదరపు అడుగుల ఫ్లాటు ఉన్నా, మున్సిపాలిటీలో 100 గజాల ఇంటిస్థలం ఉన్నా రాదు. మీ తోటలాంటిది ఉంటే ఆ పిల్లోడికి ఆదాయం ఎంత తక్కువైనా కష్టం.

బంగారుపాళ్యం_తోట: పాత కుల సర్టిఫికెట్ ఉంది, అది చాలదా?

సర్టిఫికెట్_సాయం: చాలదు. రాష్ట్రంలోని బీసీ-ఎ, బి, సి, డి, ఇ గ్రూపులు కేంద్ర జాబితాలో ఉండవు, రాష్ట్ర జాబితాలోని ప్రతి కులమూ అక్కడ ఉండదు. ముందు కేంద్ర జాబితాలో మీ కులం పేరు, స్పెల్లింగు చూసుకోండి. తర్వాత కేంద్ర నమూనాలోనే అడగండి. జేఈఈ అడ్వాన్స్‌డ్‌కు ఆ ఏడాది ఏప్రిల్ 1 లేదా ఆ తర్వాత తేదీ ఉండాలి. మార్చిలో తీసుకున్నది పనికిరాదు. కాదంటే ఏ నిబంధన కింద కాదన్నారో కాగితం మీద రాయించుకోండి.